టొరంటో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్: గ్రెట్స్‌కీ కోసమైనా వెళ్లండి

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు, నయాగరా అయింది, సీఎన్ టవర్ అయింది, ఇంకేం చూపించాలి అని అడిగేవాళ్లకు నేను మంచు మీద ఆడే హాకీకి మ్యూజియం లాంటి హాకీ హాల్ ఆఫ్ ఫేమ్ పేరు చెబుతాను. డౌన్‌టౌన్‌లో యంగ్, ఫ్రంట్ వీధులు కలిసే మూల మీద ఉంది. యూనియన్ స్టేషన్‌లో గో ట్రైన్ అనే లోకల్ రైలు దిగితే, చలిలోకి వెళ్లే పని లేకుండా లోపలి దారిలోనే బ్రూక్‌ఫీల్డ్ ప్లేస్ చేరుకోవచ్చు. ప్రవేశం కింది అంతస్తులో.

ఒక మాట ముందే చెప్పాలి. లోపల జెర్సీలు, స్టిక్కులు, స్కేట్లు, మాస్కులు లెక్కలేనన్ని. అన్నీ చూసెయ్యాలని తిరిగితే కాళ్లు పీకడమే మిగులుతుంది. ఎవరో ఒక ఆటగాణ్ణి పట్టుకుని చూడండి. నన్నడిగితే ఆ ఒక్కరూ వేన్ గ్రెట్స్‌కీ. 1979 నుంచి 1999 దాకా ఉత్తర అమెరికా హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఎడ్మంటన్, లాస్ ఏంజెలెస్, సెయింట్ లూయిస్, న్యూయార్క్ జట్లకు ఆడాడు.

నేరుగా పైనున్న గ్రేట్ హాల్‌కి వెళ్లండి. 1885లో కట్టిన బ్యాంక్ ఆఫ్ మాంట్రియల్ భవనం అది. పైన రంగురంగుల అద్దాల గోపురం, కింద లీగ్ ఇచ్చే ట్రోఫీలన్నీ వరసగా ఉంటాయి. చాలామంది లీగ్ విజేత జట్టుకిచ్చే స్టాన్లీ కప్ దగ్గర ఫొటో దిగి వెళ్లిపోతారు. మీరు మాత్రం ట్రోఫీల మీద పేర్లు చదవండి. సీజన్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ మీద 1980 నుంచి 1987 దాకా ఏటా ఒకటే పేరు. 1988లో మారియో లెమ్యూ, 1989లో మళ్లీ గ్రెట్స్‌కీ. మొత్తం తొమ్మిది. హాకీ నేర్చుకుంటున్న మా అబ్బాయి ఆ పేర్లు పైకి చదువుతుంటే పక్కన నిలబడ్డవాళ్లు కూడా నవ్వుతూ ఆగిపోయారు.

ఎక్కువ పాయింట్లకిచ్చే ఆర్ట్ రాస్ ట్రోఫీ దగ్గర ఇంకో విశేషం. 1980లో గ్రెట్స్‌కీకి, మార్సెల్ డియోన్‌కి సమానంగా 137 పాయింట్లు. గోల్స్ రెండు ఎక్కువున్నాయని ట్రోఫీ డియోన్‌కి వెళ్లింది. తర్వాత ఏడేళ్లు వరసగా గ్రెట్స్‌కీ దాన్ని ఇంకెవరికీ వదల్లేదు.

ఇక్కడే మా నాన్నగారు ఆగారు. ఆయనది తెనాలి, ఊపిరంతా క్రికెట్టే. "ఏమ్మా, గోల్ కొట్టకపోయినా పాయింట్ ఇస్తారా?" అన్నారు. ఇస్తారు. గోల్ కొట్టినవాడికి ఒక పాయింట్, ఆ పక్‌ని (మంచు మీద జారే రబ్బరు బిళ్లని) అందించినవాళ్లకు, గరిష్ఠంగా ఇద్దరికి, చెరో పాయింట్. దాన్ని అసిస్ట్ అంటారు. గ్రెట్స్‌కీ మొత్తం 1,487 ఆటల్లో 894 గోల్స్, 1,963 అసిస్టులు, కలిపి 2,857 పాయింట్లు. రెండో స్థానంలో ఉన్న యారొమీర్ యాగర్ గోల్స్, అసిస్టులు కలిపితే 1,921. అంటే గ్రెట్స్‌కీ జన్మలో ఒక్క గోల్ కొట్టకపోయినా అతనే మొదటివాడు. నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత జెర్సీ నంబరు 99 అని చూసి, "బ్రాడ్‌మన్ సగటు కూడా 99 చిల్లరే" అన్నారు. ఆ 99 వెనక కథ వేరే. గ్రెట్స్‌కీ తన చిన్నప్పటి ఆరాధ్యుడు, హాకీ ఆటగాడు గోర్డీ హౌ నంబరు 9 కావాలనుకున్నాడు. జూనియర్ జట్టులో అది అప్పటికే ఇంకొకరి దగ్గర ఉంది, దాంతో రెండు తొమ్మిదులు తొడుక్కున్నాడు. 2000 నుంచి లీగ్‌లో ఏ జట్టులోనూ ఎవరికీ ఆ నంబరు ఇవ్వరు.

అతను ఎత్తుకు ఎత్తు, బలానికి బలం ఉన్న మనిషేం కాదు. గోల్ వెనక్కి వెళ్లి నిలబడేవాడు. గోల్ కీపర్ మెడ తిప్పి అతన్ని చూడాలా, ముందు నుంచి దూసుకొచ్చే సహచరుడు యారీ కుర్రీని చూడాలా? డిఫెండర్ ఇటు వస్తే అతను అటు జారుకునేవాడు, గోల్ నెట్టే అతనికి చాటు. ఆ చోటికి గ్రెట్స్‌కీ ఆఫీస్ అని పేరే పడిపోయింది. ఇది తెలుసుకుని వెళ్తే పాత వీడియోలు చూసేటప్పుడు కళ్లు పక్ మీద కాదు, అతని మీదే ఉంటాయి.

నాకు అన్నిటికంటే ఇష్టం లేడీ బింగ్ ట్రోఫీ. బాగా ఆడుతూనే మర్యాద తప్పనివాడికిస్తారు. అతను అయిదుసార్లు గెలిచాడు: ఎన్‌హెచ్‌ఎల్‌లో మొదటి సీజన్‌కి 1980లో ఒకటి, ఆఖరి సీజన్‌కి 1999లో ఒకటి. ఇరవై సీజన్లు ఇంత దెబ్బలాట ఆటలో ఉండి రెండు చివర్లా ఈ పేరు సంపాదించడం నాకు 894 గోల్స్ కంటే పెద్దగా కనిపిస్తుంది. ఆ గోల్స్ రికార్డు ఎలాగూ 2025 ఏప్రిల్ 6న అలెక్స్ ఒవెచ్కిన్ 895వ గోల్‌తో దాటేశాడు, గ్రెట్స్‌కీ కళ్లెదుటే. అసిస్టుల దరిదాపుల్లో మాత్రం ఎవరూ లేరు.

స్టాన్లీ కప్‌ని చేత్తో తాకనిస్తారు. అబ్బాయి తాకనన్నాడు, గెలవకముందు తాకకూడదని ఆటగాళ్ల నమ్మకమట. దాని మీద 1984 ఎడ్మంటన్ ఆయిలర్స్ పేర్లు వెతకండి, గ్రెట్స్‌కీకి అదే మొదటి కప్పు. జట్టు యజమాని తన తండ్రి పేరు కూడా చెక్కించాడు, లీగ్ దాన్ని వరసగా ఎక్స్ గుర్తులతో కొట్టేయించింది. వేసవిలో వెళ్తే అసలు కప్పు, గెలిచిన జట్టు ఆటగాళ్ల ఇళ్లకు తిరుగుతుంటుంది, అప్పుడు నమూనా పెడతారు. 1892 నాటి మొదటి గిన్నె మాత్రం బ్యాంకు పాత ఖజానా గదిలోనే ఉంటుంది.

పిల్లలకు తెర మీది గోల్ కీపర్‌పై పక్ కొట్టే ఆట ఉంది. వాళ్లను అక్కడికి చివర్లో తీసుకెళ్లండి, ముందే వెళ్తే ఇక కదలరు. టికెట్లు ఆన్‌లైన్‌లో కొనుక్కుని, రెండు మూడు గంటలు కేటాయించుకోండి. కారుంటే మరో రోజు బ్రాంట్‌ఫర్డ్ కూడా వెళ్లొచ్చు. గ్రెట్స్‌కీ పుట్టిపెరిగిన ఊరు, టెలిఫోన్ కంపెనీలో పనిచేసే తండ్రి వాల్టర్ పెరట్లో నీళ్లు పట్టి మంచు మైదానం చేసిచ్చింది అక్కడే. పదేళ్ల వయసులో ఒక్క సీజన్‌లో 378 గోల్స్ కొట్టింది కూడా ఆ ఊరి పిల్లల జట్టుకే.