బెప్పునా, తొయామానా? హలాల్ చూసుకుని జపాన్ వెళ్లేవాళ్లకు

టోక్యో, ఒసాకా వదిలేసి కాస్త లోపలి జపాన్ చూద్దామనుకునే ముస్లిం కుటుంబాలకు నేను చెప్పేవి రెండే: క్యూషూలో బెప్పు, జపాన్ సముద్రం వైపు తొయామా.

హోటల్ తిండి వరకైతే తొయామాదే పైచేయి. పక్కనే ఇమిజులో పాత కార్ల ఎగుమతి చేసే పాకిస్తానీలు ఏనాడో స్థిరపడ్డారు కాబట్టి మసీదూ ఉంది, హలాల్ బిర్యానీ, కూరలూ దొరుకుతాయి (హైదరాబాద్ బిర్యానీతో పోల్చి గొడవ పెట్టుకోకండి). కాకపోతే ఆ హోటళ్లు దూరదూరంగా ఉంటాయి, కారు లేకపోతే ఇబ్బందే. వసంతంలో ఊరంతా పడిచచ్చే హొతారుఇకా చిన్న స్క్విడ్, సున్నీల్లో హనఫీ పద్ధతి పాటించేవాళ్లు చాలామంది ముట్టరు.

బెప్పులో మసీదు ఉంది, 2000లో మొదలైన రిత్సుమెయికాన్ ఆసియా పసిఫిక్ యూనివర్సిటీ పుణ్యమా అని విదేశీ విద్యార్థులూ ఎక్కువే. నాకు నచ్చింది మాత్రం అక్కడి కన్నవా అనే పేట వీధులు: నేలలోంచి బుసబుసా వచ్చే ఆవిరి మీద గుడ్లు, చిలగడదుంపలు, చేపలు మనమే వండుకోవచ్చు, మిరిన్ అనే తీపి మద్యం ఎందులో కలిపారో అన్న టెన్షనే లేదు. అక్కడే పంది మాంసమూ ఉడికిస్తారు, పాత్రల సంగతి అడిగి తెలుసుకోండి. వేడినీటి స్నానానికి బట్టల్లేకుండా దిగాలంటే మనవాళ్లకు కుదరదు కదా, కుటుంబానికి విడిగా గంటల లెక్కన అద్దెకిచ్చే గదులున్నాయి.

తతెయామా కొండదారిలో రోడ్డుకు రెండువైపులా లేచే మంచు గోడల కోసమైతే ఏప్రిల్ చివర్లో తొయామా వెళ్లండి. పిల్లలూ పెద్దవాళ్లూ వెంట ఉంటే బెప్పునే, ఫుకుఓకా నగరంలోని హకాతా స్టేషన్లో సోనిక్ రైలెక్కితే సుమారు రెండు గంటలు.