సైలెన్సర్ రిపేర్‌కి ఇచ్చి కేటలిటిక్ కన్వర్టర్ పోగొట్టుకున్నా, మీరు జాగ్రత్త

ఆటోనగర్‌లో ఆ షెడ్డు ఏదో ఇక్కడ సగం మందికి తెలుసు, పేరు రాయను. మాది మారుతి ఈకో వ్యాన్, 2021 మోడల్. కింద గలగల శబ్దం వస్తోందని శనివారం ఇచ్చాను. "హీట్ షీల్డ్ వదులైంది సార్, వెల్డింగ్ చేస్తే చాలు, టీ తాగి రండి" అన్నాడు. వెళ్లాను. అదే నేను చేసిన తప్పు. 1,800 ఫోన్‌పే చేసి బండి తెచ్చుకున్నా.

మర్నాడే ఇంజిన్ లైట్ వెలిగింది. పొగ ఘాటుకి పిల్లలు వెనక కూర్చోలేకపోయారు. ఇంకో మెకానిక్ స్కానర్ పెడితే పి0420 వచ్చింది, కేటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేయట్లేదని చెప్పే కోడ్ అది. కన్వర్టర్ అంటే సైలెన్సర్ గొట్టంలో ఉండే, పొగలోని విషాన్ని తగ్గించే డబ్బా. కన్వర్టర్‌కి ముందొకటి, తర్వాతొకటి ఆక్సిజన్ సెన్సర్లుంటాయి. కన్వర్టర్ బాగుంటే స్కానర్ తెర మీద ముందుదాని గీత పైకీ కిందకీ ఆడుతుంది, వెనకదాని గీత నిలకడగా ఉంటుంది. నా బండిలో రెండూ ఒకేలా ఎగురుతున్నాయి. ఆయన కింద దూరి సుత్తితో చిన్నగా కొట్టాడు. ఖాళీ డబ్బా మోత. పక్కన కోసి, లోపల తేనెపట్టులా ఉండే సిరామిక్ దిమ్మ లాగేసి, మళ్లీ అతికించేశారు! ఆ దిమ్మకి పూసేది ప్లాటినం, పల్లాడియం, రోడియం. కార్బన్ మోనాక్సైడ్ లాంటి విషవాయువుల్ని మార్చేది ఆ పూతే. స్క్రాప్ వాళ్లు కొనేదీ ఆ పూత కోసమే. ఈకో సైలెన్సర్ల దొంగతనాల వార్తలు ఎన్నిసార్లు చదివానో. చదివి కూడా బండి వదిలి టీకి వెళ్లాను.

షెడ్డుకి పోయి నిలదీస్తే తల కూడా ఎత్తలేదు. "లోపలది పొడైపోయింది, దులిపి పారేశాం. అదేమన్నా బంగారమా? మైలేజ్ పెరుగుతుంది, సంతోషించండి" అన్నాడు. పక్కనున్న కుర్రాళ్లు నవ్వారు. ఆరేళ్లుగా అక్కడే ఆయిల్ మార్పిస్తున్నా. దసరాకి ఆ కుర్రాళ్లకి బట్టలు పెట్టాను. ఆ నవ్వు ఇంకా చెవుల్లోంచి పోవట్లేదు. పొడైతే ఆ పొడి చూపించమన్నా. "చెత్తలో వెతుక్కోండి" అన్నాడు.

మైలేజ్ పెరుగుతుందన్న మాట నమ్మకండి. పొల్యూషన్ టెస్ట్‌లో పాసవడం కష్టం. కాలుష్యం కేసు రాస్తే జరిమానా 10,000 దాకా ఉంటుంది. కొత్త కన్వర్టర్ రేటు షోరూంలో అడిగి నోట మాట రాలేదు.

సైలెన్సర్ పని ఉంటే బండి దగ్గరే నిలబడండి. ఇచ్చే ముందు కింద ఫోటోలు తీసుకోండి, వెల్డింగ్ అతుకులు కనిపించేలా. ఏది మార్చినా పాత సామాను తిరిగి ఇమ్మనండి, బిల్లు మీద రాయించుకోండి.

నాకు బిల్లు కూడా ఇవ్వలేదు. ఫోన్‌పే రసీదు, ఆ స్కానర్ ఫోటో పట్టుకుని ఇప్పుడే స్టేషన్‌కి వెళ్తున్నా. ఆ షెడ్డులోనే ఇంకెవరికైనా ఇలా జరిగి ఉంటే ఇవాళే నాకు మెసేజ్ పెట్టండి, కలిసి ఫిర్యాదు ఇద్దాం.