మాలీ ఫొటోలు: కొన్నేళ్లు చూశాక నా సమీక్ష

కుజుడి మీద క్యూరియాసిటీ రోవర్ చేతికి మాలీ అనే కెమెరా ఉంది. అది తీసిన రాళ్ల ఫొటోలను నాసా వచ్చినవి వచ్చినట్టే, ఉచితంగా అందరికీ పెడుతుంది. కొన్నేళ్లుగా వదలకుండా చూస్తున్నాను. రాళ్ల పిచ్చి ఉన్నవాళ్లకు ఇంతకు మించిన కాలక్షేపం లేదు. ఒక్క ఫొటో చూసి తీర్పు చెప్పేసేవాళ్లకు మాత్రం పనికిరాదు.

పెద్ద లోపం, ఫొటో మీద కొలత ఉండదు. గులకరాయో ఇసుక రేణువో తెలీదు. విజయనగరం గంటస్తంభం దగ్గర టీ తాగుతూ మా బ్యాచ్ పడే గొడవల్లో సగం దీని గురించే. సాధారణంగా ముందు 25 సెంటీమీటర్ల దూరం నుంచి తీస్తారు, తర్వాత 5 నుంచి, ఒక్కోసారి ఇంకా దగ్గరికి. బాగా దగ్గరగా, అంటే 2 సెంటీమీటర్ల నుంచి తీస్తే ఒక్కో పిక్సెల్ సుమారు 14 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఫొటో వెడల్పు 1600 పిక్సెళ్లు. లెక్కేస్తే మొత్తం దృశ్యం రెండు సెంటీమీటర్ల పైచిలుకే! మావాడు కొండచరియ అని వాదించింది బొటనవేలి గోరంత.

మధ్యమధ్యలో బూడిదరంగులో అలికినట్టున్న ఫొటోలు వస్తాయి. కెమెరా పాడైందనుకోకండి. ఫోకస్ మారుస్తూ తీసిన ఫొటోలను రోవరే కలిపి ఒక స్పష్టమైన ఫొటో చేస్తుంది, దానికి తోడు ఎత్తుపల్లాల పటం కూడా ఇస్తుంది. ఆ బూడిదరంగు ఫొటో ఈ పటమే. వెలుతురు పడే వైపును బట్టి గుంట బొడిపెలా కనబడి తగవు మొదలైనప్పుడు దీన్ని తెరుస్తాం.

నాకు బాగా నచ్చేవి బ్రష్‌తో దులపకముందు, దులిపాక తీసిన జంటలు. ఎర్ర దుమ్ము పోయాక కింద బూడిదరంగు రాయి, అందులో తెల్లటి చారలు! గరివిడి మాంగనీసు గనుల్లో పనిచేసిన మా మావయ్యకు చూపిస్తే, "పైరంగు సూసి రాయిని నమ్మకురా, ఇరగ్గొట్టి సూడాల" అన్నాడు. రోవర్‌కి డ్రిల్ ఉంది గానీ సుత్తి లేదు. అయినా 2024 మే 30న గెడిజ్ వాలిస్ కాలువలో దాని చక్రం ఎక్కి ఒక రాయి పగిలింది. లోపల పసుపుపచ్చటి స్ఫటికాలు, శుద్ధ గంధకం. కుజుడి మీద అలా దొరకడం అదే మొదటిసారి. మావయ్య ఇప్పటికీ ఆ ఘనత తనదే అన్నట్టు మాట్లాడతాడు.

ఫోన్‌లో చూడొద్దు, కళ్లు లాగేస్తాయి. కుజుడు సూర్యుడి వెనక్కి వెళ్లినప్పుడు కొన్నాళ్లు కొత్తవి రావు. అప్పుడు ఆపర్చునిటీ అనే పాత రోవర్ 2004లో పంపిన నలుపు తెలుపు ఫొటోలు తిరగేయండి. వాటిలో కనిపించే హెమటైట్ (ఇనుప ఖనిజం) గుళికలు మన కొండల ఖొండలైట్ రాయిలోని గార్నెట్ అనే ఎర్రటి స్ఫటికాల్లా ఉంటాయని మాలో ఒకడి వాదన. గార్నెట్ పుట్టింది విపరీతమైన వేడిలో, ఆ గుళికలు కట్టింది నీళ్లలో అని ఎంత చెప్పినా వినడు.