స్కూలు తర్వాత ఏడాది: కాలేజీ జట్టా, ఆస్ట్రేలియా లీగా?

స్కూలు నుంచి నేరుగా అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోకి వెళ్లే దారి 2006 డ్రాఫ్టుతో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) మూసుకుపోయింది. డ్రాఫ్టు ఏడాదిలో 19 నిండాలి; అమెరికా కుర్రాడైతే స్కూలు ముగిసి ఏడాది గడవాలి కూడా. ఆ ఏడాది ఎక్కడ ఆడాలి?

డ్యూక్ యూనివర్సిటీకి 33 మ్యాచ్‌లు ఆడిన జియాన్ విలియమ్సన్ 2019 డ్రాఫ్టులో మొదటి పిక్, అంటే అందరికన్నా ముందు ఎంపికైనవాడు. ఆస్ట్రేలియా జట్టు ఇల్లవారా హాక్స్‌కి ఆడిన లమేలో బాల్ గాయం వల్ల 12 మ్యాచ్‌లతోనే ఆగిపోయాడు, అయినా 2020లో మూడో పిక్.

అసలు తేడా షాట్ క్లాక్‌లో, అంటే బంతి చేతికొచ్చాక బుట్టకేసి విసరడానికి ఉండే గడువులో ఉంది. కాలేజీలో 30 సెకన్లు. ఆస్ట్రేలియాలో ఎన్‌బీఏలాగే 24. మొదటి పిక్ అండ్ రోల్ (ఒకడు డిఫెండరుకు అడ్డు నిలిచి, ఆపై బుట్టవైపు దూసుకెళ్లే ఎత్తు) చెడితే రెండోది నింపాదిగా పన్నే వ్యవధి ఉండదు. బంతి నడిపిస్తూ ఆట పన్నే పాయింట్ గార్డు నిర్ణయాలు అక్కడే పదునెక్కుతాయి. పైగా ఎదురు నిలిచేది ఒళ్లు గట్టిపడ్డ పెద్దవాళ్లు. ఇబ్బందల్లా, గెలుపు కావాల్సిన కోచ్ తడబడే కుర్రాణ్ని బెంచీ మీద కూర్చోబెడతాడు.

త్రీ పాయింట్ గీత (దాని అవతలి నుంచి బుట్టలో వేస్తే మూడు పాయింట్లు) రెండుచోట్లా 6.75 మీటర్లే. ఎన్‌బీఏలో నడిమి భాగాన 7.24 కాబట్టి ఆ అర మీటరు ఎవరికి వారు సాధన చేసుకోవాల్సిందే.

2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లూ తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. అందుకే ఇప్పుడు జీతం కోసమే సముద్రం దాటనక్కర్లేదు. గార్డుకు ఆస్ట్రేలియా, కోర్టులో ఇంకా నిమిషాలు కావాల్సిన పొడగరికి కాలేజీ మేలు.