సూర్యలంకా, భీమిలా? అమ్మతో రెండు రోజులకు ఏది మేలు

జనవరిలో రెండు రోజులు సెలవు దొరికింది. అమ్మను సముద్రం దగ్గరకు తీసుకెళ్ళాలనుకున్నాను. ఆమె అడిగినవి రెండే. గోల ఉండకూడదు, పొద్దున్నే ఎవరి సాయం లేకుండా వెళ్ళి అలల పక్కన కూర్చోగలగాలి. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి రెండోది చిన్న కోరిక కాదు. చివరికి రెండు పేర్లు మిగిలాయి: బాపట్ల దగ్గరి సూర్యలంక, విశాఖ దగ్గరి భీమిలి. రెండుచోట్లా నేను అంతకుముందు ఒక్కో రాత్రి ఉన్నాను.

ముందుగా ఒక మాట. మన తీరం తూర్పు ముఖం. సూర్యుడు నీళ్ళలోంచి లేచి, సాయంత్రం ఊరి వెనక దిగిపోతాడు. మధ్యాహ్నం వచ్చి చీకటి పడగానే వెళ్ళిపోయేవాళ్ళకు అసలు పూట దక్కదు. రాత్రి అక్కడే ఉండాలి. ఆ లెక్కన చూస్తే ఏ ఇసుక బాగుంటుందన్నది తర్వాతి సంగతి, పడుకునే చోటికీ నీళ్ళకూ మధ్య ఎంత దూరమన్నదే అసలు ప్రశ్న.

సూర్యలంకలో ఇసుక గొప్పది. వెడల్పుగా, చదునుగా, కంటికి ఆనినంత మేర పరుచుకుని ఉంటుంది. వెనక సరుగుడు తోటల గాలి. పర్యాటక శాఖ రిసార్టు తీరం మీదే ఉంది. అందులో గది దొరికితే తలుపు తీయగానే సముద్రం. దొరక్కపోతే 9 కిలోమీటర్ల అవతల బాపట్లలో లాడ్జి, తెల్లవారుజామున చీకట్లో ఆటో వెతుక్కోవడం. బాపట్ల తక్కువ ఊరేం కాదు. భావనారాయణస్వామి గుడి పాతది, ఊరికి ఆ పేరు వచ్చిందే ఆ స్వామి వల్ల. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిందీ అక్కడే. కానీ ఆ ఊరు సముద్రం ఒడ్డున లేదు. ఆదివారాలు, కార్తీకమాసంలో వనభోజనాల రోజులు అయితే ప్రశాంతత మాట మరిచిపోవాలి. విజయవాడ, గుంటూరు నుంచి రైలెక్కి పిల్లలతో వచ్చేవాళ్ళకు మాత్రం నేను సూర్యలంకే చెప్తాను.

భీమిలి అలా కాదు. ఊరే సముద్రాన్ని ఆనుకుని ఉంది. విశాఖ నుంచి 25 కిలోమీటర్లు ఉంటుందేమో, తీరం వెంబడి రోడ్డు. దారిలో ఎర్రమట్టి దిబ్బలు, కొండల మీద బావికొండ, తొట్లకొండ బౌద్ధ శిథిలాలు. ఊళ్ళోకి వస్తే డచ్చివాళ్ళ కాలం ఇంకా కనిపిస్తుంది. 17వ శతాబ్దంలో వాళ్ళు ఇక్కడ వ్యాపారానికి స్థిరపడ్డారు, వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. లైట్ హౌస్, గడియారం స్తంభం, పాత పెంకుటిళ్ళు, వాటి మధ్యనుంచి నడిచి వెళ్తే గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. పొద్దున్నే పడవలు ఒడ్డుకు చేరతాయి. ఆడవాళ్ళు గంపలతో నిలబడి చేపలకు బేరం ఆడుతుంటారు. అది చూస్తూ కూర్చోవచ్చు, ఆకలేస్తే వెనక్కి తిరిగి వచ్చి ఇడ్లీ తినొచ్చు. మనకోసం కట్టిన తీరం కాదు, తన పని తాను చేసుకుంటున్న ఊరు. నాకు నచ్చింది అదే.

లోటు లేకపోలేదు. శని, ఆదివారాల్లో విశాఖ జనం బైకుల మీద దిగిపోతారు. సముద్రానికి ఎదురుగా ఉండే గదుల అద్దె ఎక్కువ. స్నానానికైతే ఈ రెండింట్లో దేన్నీ నమ్మకండి. సూర్యలంకలో లోతు తక్కువగా కనిపిస్తుంది కాబట్టే జనం ధైర్యంగా లోపలికి వెళ్తారు, అడుగున లాగే ప్రవాహం మనిషిని నిలవనివ్వదు. అక్కడ యువకులు కొట్టుకుపోయిన వార్తలు చదివినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది. మోకాలి లోతు దాటవద్దు, అంతే.

పూర్తి నిశ్శబ్దమే కావాలంటే వంశధార కలిసే కళింగపట్నం ఈ రెండింటికన్నా మేలు. దగ్గర్లో శాలిహుండం బౌద్ధ శిథిలాలు కూడా చూడొచ్చు. కానీ రాత్రికి శ్రీకాకుళం చేరాల్సి వస్తుందేమోనని అమ్మతో ఆ ఆలోచన మానుకున్నాను. ఒంటరిగా వెళ్ళేవాళ్ళు తప్పక వెళ్ళండి.

మేం భీమిలికే వెళ్ళాం, మంగళవారం. అక్టోబరు, నవంబరు అయితే తుపాన్ల టెన్షన్, మే నెలలో ఉక్కపోత. జనవరిలో ఆ రెండూ లేవు. తెల్లారి నేను లేచేసరికి అమ్మ గదిలో లేదు. పరుగున వెళ్తే ఒడ్డున ఒక పడవ నీడలో కూర్చుని, గంప దించుకున్న ఒకావిడతో మాట్లాడుతోంది. నన్ను చూసి, నది నీళ్ళు ఎక్కడిదాకా వేరే రంగులో ఉన్నాయో వేలుతో చూపించింది.