పైన పటారం: ఇంటికి కొనే మహమ్మారి కిట్‌లో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

ఇంకో వేవ్ వస్తుందన్న మాట వినపడితే చాలు, రెడీమేడ్ కిట్లు మళ్లీ అమ్మకానికి వస్తాయి. జిప్పు సంచీ, మీద ప్లస్ గుర్తు, ఇంటిల్లిపాదికీ రెండు వారాలు సరిపోతుందన్న హామీ. కంపెనీ మారినా లోపలి సరుకు దాదాపు ఒకటే. పల్స్ ఆక్సీమీటర్, నుదుటికి గురిపెట్టే థర్మామీటర్, మాస్కులు, నాలుగైదు యాంటిజెన్ టెస్టులు, శానిటైజర్, గ్లవుజులు, ఫేస్ షీల్డ్, ఓఆర్ఎస్ పొట్లాలు ఉంటాయి. ఖరీదైన రకాల్లో ఒక ఆక్సిజన్ డబ్బా కూడా.

చోటంతా ఆక్రమించేవి చేతుల మీదా, బల్లల మీదా ఉండే క్రిమిని చంపేవి. గాలిలో తేలే క్రిమి కోసం పెట్టింది పిడికెడు. శ్వాసతో వ్యాపించే జబ్బు విషయంలో ఇది తలకిందుల లెక్క. ఉపరితలాన్ని ఒకసారి తాకితే కోవిడ్ సోకే అవకాశం సాధారణంగా 10,000లో 1 కన్నా తక్కువేనని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లోనే చెప్పింది. కిట్లు కట్టేవాళ్లు ఆ మాట ఇంకా విన్నట్టు లేదు.

మాస్కుల నుంచి మొదలుపెడదాం. సర్జికల్ మాస్కుల పెట్టె ఒకటి, 'ఎన్95' అని అచ్చువేసిన చెవి తాళ్ల మాస్కులు కొన్ని ఉంటాయి. అనుమానించాల్సింది ఆ అచ్చునే. అమెరికాలో నయోష్ (పనిచోట భద్రతను చూసే సర్కారీ సంస్థ) ఆమోదం ఉన్న ఎన్95కి పట్టీలు రెండూ తల వెనక్కి పోతాయి, చెవులకు తగిలించే రకం ఉండదు. మాస్కు మీదే 'టీసీ-84ఏ'తో మొదలయ్యే నంబరు కనబడుతుంది. చెవి తాళ్లతో వచ్చేవి ఎక్కువగా చైనా ప్రమాణానికి చెందిన కేఎన్95లు. ఐరోపా రకమైతే ఎఫ్ఎఫ్‌పీ2 అనీ, పక్కన ఈఎన్ 149 అనీ ఉంటుంది. ఎన్95, కేఎన్95 కనీసం 95 శాతం, ఎఫ్ఎఫ్‌పీ2 కనీసం 94 శాతం కణాలను ఆపాలి. బట్ట పనితనంలో పెద్ద తేడా లేదన్నమాట. తేడా వచ్చేది అంచు దగ్గర. చెవి తాళ్లు ముఖానికి మాస్కును అదిమి పట్టలేవు. ముక్కు పక్కన చిన్న సందు ఉన్నా గాలి బట్టలోంచి రాకుండా ఆ సందులోంచే వస్తుంది.

అందుకే ముందే పెద్ద పెట్టె కొనకండి. మూడు ఆకారాల్లో (కప్పు, పడవ, మడత) రెండేసి తెచ్చి, ఇంట్లో ఒక్కొక్కరికీ పెట్టి చూడండి. ముక్కు పట్టీని ఒక చేత్తో నొక్కితే మధ్యలో మడత పడి అక్కడే గాలి కారుతుంది. రెండు చేతుల వేళ్లతో మధ్య నుంచి చెంపల వైపు దిద్దాలి. తర్వాత అరచేతులు మాస్కు మీద ఆనించి గట్టిగా ఊదండి. కళ్ల మీదికి గాలి తగిలినా, కళ్లద్దాలు మసకబారినా ఆ ఆకారం ఆ ముఖానికి పనికిరాదు. గడ్డం ఉంటే ఏ ఆకారమూ పనికిరాదు, ఇందులో బేరం లేదు.

ఈ మాస్కులను ఉతకడం, శానిటైజర్ కొట్టడం చాలామంది చేసే పొరపాటు. వీటి లోపలి పొర జల్లెడలా రంధ్రాల కొలతతోనే పనిచేయదు. పాలీప్రొపిలీన్ పోగుల్లో స్థిర విద్యుత్తు నింపి ఉంటుంది, సన్నటి కణాలను లాగి పట్టేది అదే. (అలా విద్యుత్తు నింపే ఒక పద్ధతికి పీటర్ సాయ్ అనే శాస్త్రవేత్త 1995లో పేటెంటు పొందారు.) సబ్బు నీళ్లు, ఆల్కహాలు ఆ విద్యుత్తును పోగొడతాయి. చూడటానికి మాస్కు కొత్తదానిలాగే ఉంటుంది, పనితనం మాత్రం సగం పోతుంది. బయటికి వెళ్లే మనిషికి 5 మాస్కులు, 5 కాగితం కవర్లు చాలు. కవరు మీద వారం పేరు రాసి వంతులవారీగా వాడాలి. ప్లాస్టిక్ కవరులో పెడితే ఊపిరి తేమ ఆరదు. ఒక్కో మాస్కును ఐదుసార్లు పెట్టుకున్నాక, లేదా అంతకన్నా ముందే పట్టీ వదులైతే, పారేయండి. ఊపిరి బయటికి వదిలే వాల్వు ఉన్న మాస్కును రోగికి పెట్టకూడదు. వాల్వులోంచి వచ్చే గాలికి వడపోత ఉండదు. పాత నిల్వలో మొదట చెడేది పట్టీలే. ఒకసారి సాగదీసి వదలండి, వెనక్కి రాకపోయినా పుటుక్కున తెగినా మొత్తం పెట్టెను అనుమానించాలి.

కిట్‌లో అసలు కనబడనిది గాలి శుభ్రం చేసే సాధనం. దీనికే ఎక్కువ డబ్బు పెట్టాలి. గదిలో గాలి గంటకు కనీసం 5 సార్లు మారేటంత శుభ్రమైన గాలి అందేలా చూడమని సీడీసీ 2023 మేలో చెప్పింది. లెక్క చిన్నదే. 4 మీటర్ల పొడవు, 3.5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గది 42 ఘనపు మీటర్లు. ఐదుతో గుణిస్తే గంటకు 210 ఘనపు మీటర్లు. ప్యూరిఫయర్ అట్ట మీద సీఏడీఆర్ (గంటకు ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పే అంకె) ఇంతకు తగ్గకూడదు. 'ఇన్ని చదరపు అడుగుల గదికి' అన్న పెద్దక్షరాలను పట్టించుకోవద్దు. ఆ లెక్కలో గంటకు గాలి ఎన్నిసార్లు మారుతుందనుకున్నారో కంపెనీకే తెలియాలి. పైగా సీఏడీఆర్ కొలిచేది ఫుల్ స్పీడులో. ఆ మోతకు నిద్ర పట్టక రాత్రి తగ్గిస్తారు, గాలి సగానికి పడిపోతుంది. అందుకని లెక్కకు రెట్టింపు సామర్థ్యం కొని సగం స్పీడులో నడపడం నయం. అయోనైజర్, ఓజోన్ బటన్లు ఉంటే ఆపేయండి. కొత్త ఫిల్టరు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగు తీయకుండానే నెలల తరబడి నడిపేవాళ్లు ఉన్నారు, మూత తీసి చూడండి.

ప్యూరిఫయర్ వద్దనుకుంటే ఫ్యానుకు ఫిల్టర్లు అతికించి చేసే కోర్సీ-రోజెంతాల్ పెట్టె కట్టుకోవచ్చు. దీన్ని 2020లో ఇంజనీరు రిచర్డ్ కోర్సీ, ఫిల్టర్ల కంపెనీ అధిపతి జిమ్ రోజెంతాల్ రూపొందించారు. 20 అంగుళాల చదరపు బాక్స్ ఫ్యాను, అదే కొలతవి 4 మెర్వ్ 13 (వడపోత స్థాయిని చెప్పే అంకె) ఫిల్టర్లు, అడుగుకు ఒక అట్ట, వెడల్పాటి డక్ట్ టేపు ఉంటే సరి. ఫిల్టర్ల అంచు మీద బాణం గుర్తు ఉంటుంది, అవన్నీ పెట్టె లోపలికి చూడాలి. ఫ్యాను గాలిని పైకి, బయటికి తోయాలి. టేపు అంచులన్నిటికీ తెగకుండా వేయాలి, మూలల్లో వదిలిన సందు మాస్కు ముక్కు దగ్గరి సందు లాంటిదే. ఎక్కువమంది వదిలేసే ముక్క ఒకటుంది. ఫ్యాను ముఖం మీద, రెక్కలు తిరిగేంత గుండ్రటి రంధ్రం చేసిన అట్ట అంటించాలి. లేకపోతే ఫ్యాను నాలుగు మూలల నుంచి గాలి వెనక్కి లోపలికి జారుతుంది. మెర్వ్ 13 అంటే హెపా (సన్నటి కణాలను దాదాపు పూర్తిగా పట్టే మేలు రకం ఫిల్టరు) కాదు. 0.3 నుంచి 1 మైక్రాన్ కణాల్లో సగాన్ని పట్టినా చాలని ఆ ప్రమాణం, హెపా అయితే 99.97 శాతం. అయినా ఈ పెట్టె గాలిని ఎక్కువ తిప్పుతుంది కాబట్టి చిన్న ప్యూరిఫయర్లకు తీసిపోదు.

రోగి ఉన్న గదిలో కిటికీ దగ్గర ఫ్యానును బయటికి ఊదేలా తిప్పండి, తలుపు కింద సందుకు తువ్వాలు అడ్డం పెట్టండి. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పితిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలి తేదు. కార్బన్ డయాక్సైడ్ మీటరు కొనేవాళ్లు 'ఎన్‌డీఐఆర్' (పరారుణ కాంతితో ఆ వాయువునే నేరుగా కొలిచే) సెన్సరు ఉన్నదే చూడండి. ఆరుబయట 420 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో ఇన్ని వంతులు) చుట్టుపక్కల చూపాలి, ఇంట్లో 800 దాటకుండా ఉంటే గాలి బాగా ఆడుతున్నట్టే. ప్యూరిఫయర్ నడిస్తే మాత్రం ఈ అంకె తగ్గదు, అది వడగట్టేది కణాలను. చవక మీటర్లు వేరే వాయువులను కొలిచి అంకె ఊహిస్తాయి. దగ్గర్లో శానిటైజర్ సీసా మూత తీయగానే అంకె ఎగబాకితే అది ఆ బాపతే.

కిట్‌లో డబ్బుకు తగ్గ వస్తువు, రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూపే పల్స్ ఆక్సీమీటర్. దీని సూత్రాన్ని 1970ల తొలినాళ్లలో జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి కనిపెట్టారు. వేలిలోంచి ఎరుపు, పరారుణ కాంతులను పంపి, రెండింటినీ రక్తం ఎంతెంత పీల్చుకుందో పోల్చి చూస్తుంది. కాంతికి అడ్డొచ్చిందల్లా అంకెను చెడగొడుతుంది. నెయిల్ పాలిష్, చల్లబడ్డ వేళ్లు, వణుకు, నేరుగా పడే ఎండ అన్నీ అంతే. నల్లటి చర్మం ఉన్నవాళ్లలో అసలు కన్నా ఎక్కువ చూపించవచ్చని 2020లో వచ్చిన పరిశోధన తర్వాత అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో హెచ్చరించింది. ఇది ప్రమాదకరమైన తప్పు, ఎందుకంటే ధైర్యం చెప్పే వైపు తప్పుతుంది.

వాడే తీరు ఇదీ. 5 నిమిషాలు కూర్చోవాలి, చెయ్యి వెచ్చగా, గుండె ఎత్తున బల్ల మీద ఆనాలి. చూపుడు వేలికో మధ్య వేలికో పెట్టి అంకె నిలకడగా ఆగేదాకా, దాదాపు ఒక నిమిషం, చూడాలి. మొదటి పది సెకన్ల అంకెను రాసుకోవద్దు. పెన్సిల్ పెట్టి నకిలీని పట్టే చిట్కాను నమ్మొద్దు, అసలైన పరికరం కూడా ఒక్కోసారి దానికి ఏదో అంకె చూపిస్తుంది. మంచి పరీక్ష నాడి. మణికట్టు దగ్గర నిమిషం పాటు లెక్కపెట్టి పరికరం చూపే పల్స్‌తో పోల్చండి. ఐదారుకు మించి తేడా వస్తే ఆక్సిజన్ అంకెను కూడా నమ్మక్కర్లేదు. ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఎవరి అంకె ఎంతో రాసి పెట్టుకోండి. 98 ఉండే మనిషి 94కి దిగడం, ఎప్పుడూ 95 ఉండే మనిషి 94కి దిగడం ఒకటి కాదు. 94 కన్నా తగ్గి అలాగే ఉంటే డాక్టరుతో మాట్లాడాలి, 90 కన్నా తగ్గితే ఆసుపత్రే. ఆయాసం, పెదవులు నీలమవడం, మగతగా ఉండటం కనబడితే అంకె ఎంతున్నా ఆగకూడదు.

థర్మామీటరుకు మాత్రం కిట్‌లోది తీసి పక్కన పెట్టడమే మేలు. నుదుటి రకం చెమటకూ, గాలికీ, దూరానికీ తడబడుతుంది. కొన్నిటిలో 'బాడీ', 'సర్ఫేస్' అని రెండు మోడ్‌లు ఉంటాయి, పొరపాటున రెండోది పడితే జ్వరం ఉన్నా కనబడదు. నాలుక కింద పెట్టే మామూలు డిజిటల్ థర్మామీటరు చవక, నమ్మకం. వేడివి, చల్లనివి తాగాక పావుగంట ఆగి చూడాలి.

యాంటిజెన్ టెస్టులను గుట్టలుగా కొనకండి. అవి చాలావరకు ఒక్క వైరస్‌నే గుర్తిస్తాయి, రాబోయేది మరోటైతే ఆ పెట్టె మొత్తం వృథా. సాధారణంగా 2 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి, అంటే కారు డిక్కీ, వంటగది పై అటక పనికిరావు. 'T' (టెస్ట్) అక్షరం దగ్గర గీత ఎంత లేతగా ఉన్నా పాజిటివే, అయితే పెట్టెలో చెప్పిన సమయంలోపే చూడాలి. గంట తర్వాత తేలే గీతకు విలువ లేదు. 'C' (కంట్రోల్) దగ్గర గీత రాకపోతే టెస్టు చెడినట్టు. లక్షణాలుండి నెగెటివ్ వస్తే 48 గంటల తర్వాత ఇంకోటి చేయాలి. కాబట్టి మనిషికి రెండు లెక్కన ఉంచుకోండి.

ఓఆర్ఎస్ పొట్లం మంచిదే, కానీ అది లీటరుదా, 200 మిల్లీలీటర్లదా చూడకుండా గ్లాసులో కలిపేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిన పొట్లం 20.5 గ్రాములు, సరిగ్గా లీటరు నీటికి. గ్లాసులో మొత్తం పోస్తే ఉప్పు మోతాదు మించి పిల్లలకు హాని. కలిపినదాన్ని 24 గంటల్లో వాడాలి. జ్వరానికి పారాసిటమాల్ ఉంచేవాళ్లు జలుబు బిళ్లల పట్టీ వెనక కూడా చదవాలి. చాలావాటిలో అదే మందు ఉంటుంది, రెండూ వేసుకుంటే పెద్దలకు రోజుకు 4 గ్రాముల హద్దు తెలియకుండానే దాటిపోతుంది. కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు హద్దు ఇంకా తక్కువ.

గ్లవుజులు, ఫేస్ షీల్డ్ ఇంటికి దండగ. షీల్డు తుంపరను ఆపుతుంది, పక్క నుంచి వచ్చే గాలిని కాదు. శానిటైజర్ ఒక సీసా చాలు, ఆల్కహాలు 60 శాతానికి తగ్గకూడదు. బ్లీచు కావాలంటే 5 శాతం ద్రావణం 20 మిల్లీలీటర్లను లీటరు నీటికి చేరిస్తే 0.1 శాతం వస్తుంది. ఏ రోజుది ఆ రోజే కలపాలి, టాయిలెట్ క్లీనర్‌తో ఎప్పుడూ కలపకూడదు. ఆమ్లం తగిలితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

ఇక ఆక్సిజన్ డబ్బా. మీద 10 లీటర్లని రాసి ఉంటుంది, వినడానికి పెద్దగానే ఉంటుంది. నిజంగా ఆక్సిజన్ కావలసిన రోగికి నిమిషానికి 5 లీటర్లు పెడితే అది 2 నిమిషాల సరుకు. ఆ డబ్బు పక్కన పెట్టి, ఫిల్టరు ఇంకో సెట్టు కొనండి.

సంచీ సర్దేటప్పుడు ఆక్సీమీటర్‌లోంచి, థర్మామీటర్‌లోంచి బ్యాటరీలు తీసి విడిగా టేపు చుట్టి పెట్టాలి. ఆల్కలైన్ బ్యాటరీ కారితే తెల్లటి పొర పట్టి కొసలు తినేస్తుంది, అవసరమైన రాత్రికే పరికరం వెలగదు. కొద్దిగా పట్టిన పొరైతే, బ్యాటరీ తీసేసి, వెనిగర్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి ఆరబెడితే చాలాసార్లు మళ్లీ వెలుగుతుంది. టెస్టుల గడువు, పారాసిటమాల్ గడువు, ఫిల్టరు మార్చిన తేదీ ఒక కాగితం మీద రాసి సంచీ మీద అంటించండి, లోపల కాదు.