85 పైసల మిత్తి: 20 ఏళ్ల ఇంటి లోన్ తొమ్మిదిన్నరేళ్లలో తీర్చిన అనుభవం

తెలంగాణ రాష్ట్రం వచ్చిన నెలలోనే మాకు ఇంటి లోన్ వచ్చింది. 2014 జూన్. 20 లక్షలు, 20 ఏళ్లు, 10.15 శాతం, నెలకు 19,500 కిస్తీ. నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు కట్టిన ఇల్లు కొన్నాం. నేను గవర్నమెంటు హైస్కూల్లో టీచర్ని. మా ఆయనకు మోటారు వైండింగ్ షాపు ఉంది. ఆ లోన్ 2024 జనవరిలో తీరిపోయింది. 240 నెలల అప్పు 115 నెలల్లో ముగిసింది.

కిస్తీకి తోడు చేతిలో ఉన్నప్పుడల్లా కొంత అదనంగా కట్టాం, అంతే. బ్యాంకులో దీన్ని పార్ట్ పేమెంట్ అంటారు. ఈ పద్ధతిని ఇన్నేళ్లు వాడాక ఏది బాగుంది, ఏది దెబ్బకొట్టింది అన్నదే ఇక్కడ రాస్తున్నా.

మొదట్లో నాకు ఈ ఆలోచనే లేదు. ఏడాది తిరిగాక స్టేట్‌మెంట్ తీయించాను. పన్నెండు నెలల్లో 2,34,000 కట్టాం. అసలు ఎంత తగ్గిందా అని చూస్తే 32 వేలు! మిగతా రెండు లక్షల చిల్లర మిత్తికే పోయింది. కాగితం తప్పు పడిందేమో అనుకుని కౌంటర్లో అడిగాను. "మొదట్లో అంతే మేడం" అన్నాడు ఆ అబ్బాయి. మొదటి కిస్తీలో 16,900 మిత్తి, 2,600 అసలు. అప్పు పెద్దగా ఉన్నప్పుడు మిత్తీ పెద్దగానే ఉంటుంది కాబట్టి కిస్తీలో అసలుకు చోటు దొరకదు. ఇది మోసం కాదు, లెక్కే అట్లాంటిది. కానీ పిల్లలకు చక్రవడ్డీ చెప్పే నాకే ఆ కాగితం చూసేదాకా ఒంటికి పట్టలేదు.

ఇంటికి వచ్చి మామయ్యతో చెప్పాను. ఆయనకు బత్తాయి తోట ఉంది, ఊళ్లో అప్పులు ఇవ్వడం, తీసుకోవడం రెండూ తెలిసిన మనిషి. "నూటికి నెలకు ఎంత పడుతుంది బిడ్డా?" అని అడిగాడు. 85 పైసలు అన్నాను. నవ్వాడు. "రూపాయి గూడ లేని మిత్తి. గంత సల్లటి అప్పును తీరుస్తానంటవేంది? ఆ పైసలు నాకియ్యి, రెండు రూపాయలకు తిప్పుత" అన్నాడు.

నిజమే, ఊరి లెక్కలో అది చవక అప్పే. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. కాకపోతే ఊళ్లో రెండు రూపాయలకు ఇచ్చిన పైసలు ఎన్నిసార్లు తిరిగొచ్చాయో మామయ్యే మాకు ఎన్నోసార్లు చెప్పాడు. ఇంకోటి, ఊరి అప్పు పంట రాగానే తీరుతుంది. ఇది 20 ఏళ్లు నడుస్తుంది. 85 పైసలే అయినా 240 నెలలు కట్టుకుంటూ పోతే 20 లక్షలకు దాదాపు 27 లక్షల మిత్తి పడుతుంది.

అప్పటికే మాకు ఒక లక్ష రూపాయల చిట్టీ ఉంది. మేం మధ్యలో పాడుకోలేదు. చివరి నెలదాకా ఆగితే 2015 వేసవిలో మొత్తం చేతికొచ్చింది. ఆ లక్ష తీసుకెళ్లి లోన్‌లో కట్టేశాం. దీని ఫలితం రాసి చూపిస్తే ఇప్పటికీ స్టాఫ్‌రూంలో ఎవరూ నమ్మరు. కిస్తీ మార్చకుండా ఏడాది చివర లక్ష కడితే, అదే రేటు మీద, చివరి నుంచి 30 కిస్తీలు ఎగిరిపోతాయి. 30 సార్లు 19,500 అంటే 5,85,000. అదే లక్ష పదిహేనో ఏట కడితే పోయేవి ఎనిమిదో తొమ్మిదో కిస్తీలే. పార్ట్ పేమెంట్ చేసే వాళ్లలో ఎక్కువ మంది చేసే తప్పు ఇదే అనుకుంటా. రిటైర్‌మెంట్ పైసలు వచ్చినప్పుడు చూద్దాంలే అంటారు. అప్పటికి కట్టాల్సిన మిత్తి చాలావరకు కట్టేసి ఉంటారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. లక్ష కట్టగానే బ్యాంకులో కిస్తీ తగ్గించాలా, నెలలు తగ్గించాలా అని అడుగుతారు. కొన్నిసార్లు అడగరు కూడా, మనమే చెప్పాలి. కిస్తీ తగ్గితే వెయ్యి రూపాయలు ఇంట్లో మిగులుతాయి, అవి ఎటుపోతాయో ఎవరికీ తెలియదు. మేం నెలలే తగ్గించమని రాసిచ్చాం. రేటు మారే లోన్ మీద ముందుగా కట్టినందుకు ఫైన్ వేయొద్దని రిజర్వ్ బ్యాంకు 2012లోనే బ్యాంకులకు చెప్పింది కాబట్టి ఆ భయం లేదు. రేటు మారని ఫిక్స్‌డ్ లోన్ అయితే మాత్రం కాగితాలు చదువుకోవాలి.

అదే 2015లో పీఆర్సీ, అంటే మా గవర్నమెంటు ఉద్యోగుల జీతాల సవరణ, వచ్చింది. 43 శాతం ఫిట్‌మెంట్, అంటే మూల జీతం మీద పెంపు. స్కూల్లో ఒకటే సంబరం. కార్లు బుక్ చేసిన వాళ్లున్నారు, ప్లాట్లకు అడ్వాన్సులు ఇచ్చిన వాళ్లున్నారు. నేను మా ఆయనతో ఒకటే మాట అన్నాను: పెరిగిన జీతంలో నెలకు 6 వేలు మన ఇంటి గడప తొక్కొద్దు. జీతం పడిన తెల్లారే లోన్ ఖాతాలో వేసేదాన్ని.

ఇక్కడే పెద్ద దెబ్బ తగిలింది. నాలుగు నెలలు వేశాక చూస్తే అసలు ఒక్క పైసా అదనంగా తగ్గలేదు! 24 వేలూ అడ్వాన్స్ కిస్తీ కింద ఒక మూలన కూర్చున్నాయి. "మీరు లెటర్ ఇవ్వలేదు కదా మేడం" అన్నారు. ఎవరు చెప్పారు ఇవ్వాలని? ఆ రోజు హాఫ్ డే లీవు పెట్టి, కౌంటర్ ముందు నిలబడి, ఇది అసలుకు జమ చేయండి అని రాసిచ్చి, జమ అయిందని చూసి వచ్చాను. తర్వాత నెట్ బ్యాంకింగ్‌లోనే ఆ వీలు వచ్చింది. అయినా ప్రతి ఏప్రిల్‌లో స్టేట్‌మెంట్ తీసి ఎర్ర పెన్నుతో టిక్కులు పెట్టేదాన్ని, పరీక్ష పేపర్లు దిద్దినట్టు.

షాపు పైసలు వేసవిలో కలిసేవి. యాసంగి చివరికి బోర్లలో నీళ్లు లోతుకు పోతాయి, మోటార్లు కాలిపోతాయి. మార్చి నుంచి మే దాకా మా ఆయనకు అన్నం తినే తీరిక ఉండేది కాదు. 2017లో 40 వేలు, 2018లో 50 వేలు అట్లా కట్టాం. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. రైతులకు మంచిదే. కరెంటు నిలకడగా ఉండేసరికి మోటార్లు కాలడం తగ్గింది, 2019 వేసవిలో మాకు మిగిలింది 20 వేలే. దీని మీద మా ఆయన ఎవరి దగ్గరా ఏమీ అనలేకపోయేవాడు పాపం.

ఇంటి ఖర్చుల గురించి చాలా మంది అడుగుతారు, ఏం తగ్గించారు అని. చెప్పుకోదగ్గ త్యాగాలేమీ లేవు. బియ్యం ఊరి నుంచే వచ్చేవి. కందులు, మిరపకాయలు, చింతపండు ఏడాదికోసారి కొని పెట్టుకునేవాళ్లం. కారు కొనలేదు. పండుగ బట్టలు మానలేదు, చెరువుగట్టు జాతర మానలేదు. టీ పొడి దగ్గర, కూరగాయల దగ్గర గీచి గీచి మిగిల్చితే ఇంటి లోన్ తీరుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. మా లోన్ తీర్చింది నెలకు 6 వేలు, చిట్టీ లక్ష, వేసవి గిరాకీ.

ఇంకా చెప్పాలంటే, దాన్ని తీర్చింది తాళం. ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. పైసలు సేవింగ్స్ ఖాతాలో ఉంటే చుట్టాలకు తెలుస్తుంది. ఎట్లా తెలుస్తుందో దేవుడికే ఎరుక. ఆడబిడ్డ కొడుకు ఫీజు, మేనమామ బోరు, ఎవరిదో పెళ్లి. లేవని చెప్పడానికి నోరు రాదు. లోన్‌లో వేసిన పైసలను మాత్రం ఎవరూ అడగలేరు, ఎందుకంటే మనమూ తీయలేం. తాళం ఉంది, చెవి లేదు. అందుకే అవి అక్కడ నిలిచాయి.

ఆ చెవి లేకపోవడమే 2020లో మా మెడకు చుట్టుకుంది. ఆగస్టులో మా ఆయనకు కరోనా. నల్లగొండలో మూడు రోజులు చూసి హైదరాబాద్ తీసుకెళ్లాం. దవాఖానలో రోజూ పొద్దున్నే కట్టమనేవాళ్లు. అప్పటిదాకా మేం కిస్తీలకు అదనంగా కట్టింది నాలుగున్నర లక్షలు దాటింది. అదంతా గోడల్లో ఉంది. ఖాతాలో ఉన్నది 38 వేలు. నా హారం, గాజులు, పాప కమ్మలతో సహా తీసుకెళ్లి గోల్డ్ లోన్ పెట్టాను. దాని మీద మిత్తి ఇంటి లోన్ మిత్తి కంటే ఎక్కువ. అప్పటికి మా ఇంటి లోన్ రేటు 7 దగ్గరికి వచ్చింది. 7 శాతం అప్పును ఆరాటపడి తీర్చి, అంతకంటే ఖరీదైన అప్పు తెచ్చుకున్నాం. ఇందుకే ఈ పద్ధతికి ఐదులో నాలుగే ఇస్తాను. ఆరు నెలల ఇంటి ఖర్చు, కిస్తీలతో కలిపి, పక్కన పెట్టుకున్నాకే మొదటి పార్ట్ పేమెంట్ చేయాల్సింది. మాకు చెప్పిన వాళ్లు లేరు.

ఆయన బాగయ్యాడు. తర్వాత దాదాపు ఏడాదిన్నర ఒక్క రూపాయి అదనంగా కట్టలేదు. 2021 పీఆర్సీ 30 శాతం ఫిట్‌మెంట్ మొత్తం గోల్డ్ లోన్ తీర్చడానికి, పాప కాలేజీ ఫీజుకు పోయింది. 2022లో మళ్లీ 6 వేలు మొదలుపెట్టాం.

కట్టిన పైసలు అవసరమైతే మళ్లీ తీసుకునే ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతి ఇంటి లోన్లు కూడా ఉన్నాయి. రేటు కొంచెం ఎక్కువ ఉంటుంది. అది తీసుకుని ఉంటే కరోనా రోజున హారం పెట్టెలోనే ఉండేది. కానీ చెవి చేతిలో ఉంటే మాలాంటి వాళ్ల దగ్గర 2020 దాకా పైసలు మిగిలేవా అంటే నాకు అనుమానమే. షాపుల వాళ్లకు, రాబడి ఒక నెల ఉండి ఒక నెల లేని వాళ్లకు మాత్రం అదే మేలు.

రేటు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అంతా మా గొప్పే అనుకుంటారు. 2017 జనవరిలో బ్యాంకులు కొత్త లోన్ల రేట్లు బాగా తగ్గించాయి. మాది పాత బేస్ రేటు (బ్యాంకు తానే పెట్టుకునే కనీస రేటు) లోన్ కాబట్టి 9 పైనే ఉండిపోయింది. మూడేళ్లు గమనించలేదు. 2019 అక్టోబర్ నుంచి బ్యాంకులు కొత్త ఇంటి లోన్లను రెపో రేటు (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద మిత్తి) లాంటి బయటి కొలమానానికి కట్టాలన్న రూలు వచ్చింది. 2020లో కొంత ఫీజు కట్టి మాదీ అందులోకి మార్చుకున్నాం. అప్పుడు రెపో 4 శాతం. 2022 మే నుంచి పెరగడం మొదలై 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. 2021లో లోన్ తీసుకున్న మా తోటి టీచర్‌కు కిస్తీ మారలేదు కానీ చెప్పకుండానే నెలలు పెరిగాయి. రిటైర్ అయ్యాక కూడా కట్టాలని తెలిసి ఆమె ఏడ్చినంత పనైంది. రేటు పెరిగినప్పుడు కిస్తీ పెంచుకుంటారా, నెలలు పెంచుకుంటారా అని అడిగి తీరాలని రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టులో చెప్పింది. మాకైతే రేటు పెరగడం మొదలయ్యేటప్పటికే బాకీ తక్కువ. 5 లక్షల మీద రెండున్నర శాతం పెరిగితే నెలకు వెయ్యి తేడా, అంతే.

ఫిబ్రవరి వస్తే స్టాఫ్‌రూంలో ఇన్‌కంట్యాక్స్ ఫారాలు, దాంతోపాటు ఉచిత సలహాలు. "మిత్తి తగ్గించుకుంటే ట్యాక్స్ పడదా మేడం? రెండు లక్షల దాకా మినహాయింపు ఉంది కదా." ఉంది, పాత ట్యాక్స్ పద్ధతిలో. 20 శాతం స్లాబులో ఉన్న మనిషి వంద రూపాయల మిత్తి కడితే ట్యాక్స్‌లో 20 రూపాయల చిల్లర తగ్గుతుంది. మిగతా 79 ఎవరివి? కొత్త ట్యాక్స్ పద్ధతిలో సొంతంగా ఉండే ఇంటికి ఆ మినహాయింపు కూడా లేదు.

చివరి లెక్క: కిస్తీలకు అదనంగా కట్టింది 8 లక్షల లోపు. మొత్తం మిత్తి దాదాపు 10 లక్షలు. 27 ఎక్కడ, 10 ఎక్కడ. ఇందులో రేట్లు తగ్గడం వల్ల కలిసొచ్చిందీ ఉంది. అయినా మా 8 లక్షల పాలే ఎక్కువ.

లోన్ తీరాక కాగితాల పని ఉంటుంది. చాలా మంది ఇక్కడ బద్ధకిస్తారు. అప్పు తీరిన 30 రోజుల్లో దస్తావేజులు తిరిగివ్వాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేలు ఇవ్వాలి అన్న రూలు 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మావి హైదరాబాద్ నుంచి 22వ రోజున వచ్చాయి. లోన్ రోజున ఇచ్చిన దస్తావేజుల లిస్టు నా దగ్గర ఉంది కాబట్టి ఒక లింకు డాక్యుమెంట్ (ఇంటి పాత యజమానుల దస్తావేజు) కవర్లో లేదని అక్కడికక్కడే కనిపెట్టాను. ఇంకో వారానికి దొరికింది. ఆ తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తాకట్టు రద్దు రిజిస్టర్ చేయించి, కొత్త ఈసీ (ఇంటి మీద తాకట్టు ఉందో లేదో చూపే కాగితం) తీసి చూసుకున్నాం.

ఈసీ తెచ్చుకున్న వారంలోనే మా మరిది ఫోన్ చేశాడు. "వదినె, కిస్తీ అయిపోయిందట గదా!" అన్నాడు. యాభై వేలు ఇచ్చాం. ఇంకా రాలేదు.